చిక్కనా? పలచనా?

ఆ వీధిలో అందరికీ ఆవిడ వదినే. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉందిగానీ అది ఎప్పుడో అటకెక్కింది. స్టూడియో ముందుగదిలో కూర్చునే మరిది రోజల్లా "వదినా, ఈ రీలు అర్జంటట", "వదినా, ఆ కాపీలు ఆరాయా" అని లోపలికి కేకలు పెడుతుంటే ఎదురుగా ఉన్న టైలరు ఆ మాట అందుకున్నాడు. పక్కన గడియారాలు బాగుచేసేవాడు అందుకున్నాడు. ఆఖరికి ఆవిడకంటే బాగా పెద్దదైన పోస్టాఫీసావిడ కూడా అందుకుంది. ఎవరికి ఎవరు వదినో అడిగేవాడు లేకపోయాడు.

ఇల్లు పైన, స్టూడియో కింద. ముందుగదిలో కౌంటరు, దాని వెనక తెర, తెర వెనక ఫోటోలు తీసే గది, అది దాటితే మెట్ల కింద ఇరుకులో డార్క్‌రూమ్. అందులో ఇద్దరు నిలబడ్డాక మూడోవాడు రావాలంటే ఒకరు బయటికి నడవాల్సిందే. ఒక రాతి తొట్టి, ఎంత బిగించినా కారే కుళాయి, గోడ బారునా గోధుమరంగు సీసాలు, మూలన కాపీలు వేసే ఎన్‌లార్జర్. గదంతా ఒక పుల్లటి వాసన. అది వదిన జుట్టుకి పట్టి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు చిట్లించుకుని కిటికీ తెరిచేవాళ్ళు.

ఫిల్ము మీది బొమ్మని పైకి తెచ్చే డెవలపర్‌ని ఆ ఇంట్లో మందు అనేవాళ్ళు. ఈ మాట తెచ్చిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. గుర్తింపు కార్డుకి ఫోటో కావాలని వచ్చిన ఒక పెద్దమనిషి ముందుగదిలో కూర్చుని ఉండగా, తెర వెనకనించి "మందులో నీళ్ళెన్ని పొయ్యమంటారు?" అని ఆడగొంతు, "నీళ్ళెందుకు, చిక్కగా కానియ్" అని మగగొంతు వినిపించాయి. ఆయన లేచి, పట్టపగలే ఇదేం ఇల్లయ్యా అని మరిదిని నిలదీశాడు. మరిది లోపలికి తీసుకెళ్ళి తొట్టీ సీసాలూ చూపించాకగానీ మళ్ళీ కూర్చోలేదు.

కోడలిగా వచ్చిన కొత్తలో ఫోటో అంటే గోడకి తగిలించుకునేదని తప్ప వదినకి ఇంకేమీ తెలీదు. నేర్పింది మామగారు. ఆ స్టూడియో ఆయనది. దళసరి కళ్ళద్దాలు, మెత్తటి మాట, పట్టిందే పట్టు. ఎన్నో ఏళ్ళ కిందట ఆయనా ఆయన స్నేహితుడూ కలిసి పని చేసుకునే రోజుల్లో, చీకట్లో ఒకరు పోశారని ఇంకొకరు అనుకుని, డెవలపర్ పొయ్యకుండానే హైపో పోసేశారట. హైపో అంటే వచ్చిన బొమ్మని ఫిల్ము మీద నిలబెట్టే ద్రవం. అసలు బొమ్మే రాకముందు అది పడితే, ఉన్నదంతా కడిగేసి ఫిల్ముని గాజుముక్కలా వదిలేస్తుంది. ఆ రీల్లో ఎవరిదో పసిబిడ్డ ఫోటోలున్నాయి. ఆ బిడ్డ అప్పటికే లేదు. తల్లికి ఆ సంగతి చెప్పడానికి మామగారే వెళ్ళారు.

ఆనాటినించి చీకటిగదిలో ఆయన ఒక పద్ధతి పెట్టారు. కడిగేవాళ్ళు పైకి అడగాలి. ఫోటో తీసినవాళ్ళు పైకి చెప్పాలి. అడిగినవాళ్ళు ఆ మాట తిరిగి అనాలి. తిరిగి అనేదాకా చెప్పినవాళ్ళు చెబుతూనే ఉండాలి. మొహాలు కనపడని చోట తలూపితే ఏం లాభం?

"చిక్కనా? పలచనా?" అనేది వదిన.

"పలచన" అనేవారు మామగారు.

"పలచన" అని తిరిగి అంటేనే ఆవిడ చెయ్యి సీసా మీదికి వెళ్ళాలి.

మొదట్లో ఆవిడకిది పిల్లలాటలా ఉండేది. ఒకసారి నవ్వాపుకోలేక తిరిగి అనలేదు. మామగారు విసుగూ విరామం లేకుండా "పలచన, పలచన, పలచన" అంటూనే నిలబడ్డారు. ఆవిడ నవ్వు దానంతటదే తగ్గి, సిగ్గుపడి "పలచన" అన్నాక అప్పుడు ఆగారు.

ఎందుకు ఒక్కో రీలుకి ఒక్కోటి అని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పేవారు. "వెలుగు బాగా పడ్డ చోట మందుకి పని ఎక్కువమ్మా, నీడలో తక్కువ. చిక్కటి మందుకి బలం ఎక్కువ. రెండుచోట్లా ఒకే దూకుడు. వెలుగున్న చోట నెగెటివు నల్లగా గడ్డకట్టిపోతుంది, కాపీ వేస్తే అక్కడ ఉత్త తెల్లకాగితం. అదే నీళ్ళెక్కువ పోసి పెద్దగా కదపకుండా వదిలేశావనుకో, వెలుగు దగ్గర మందు త్వరగా అలిసిపోతుంది. నీడ దగ్గర అలవదు. నింపాదిగా కళ్ళూ ముక్కూ పైకి తెస్తూ ఉంటుంది. రెండూ దక్కుతాయి."

"అయితే ఎప్పుడూ పలచనే పోస్తే పోలా, మామయ్యగారూ?"

"మబ్బురోజు తీసినదానికి పలచన పోస్తే బూడిద పూసినట్టు చప్పగా వస్తుంది. రవ్వ పోసినట్టు చుక్కలు కూడా లేస్తాయి. ఏ వెలుగులో తీశాడో తీసినవాడికే తెలుసు. అందుకే అడగమంటున్నా. ఫిల్ము రెండోసారి కడగనివ్వదు."

మామగారు పోయాక స్టూడియో వదిన భర్త చేతికి వచ్చింది. ఆయనకి ముక్కుమీద కోపం, అరికాళ్ళలో తొందర. ఎప్పుడూ చిక్కటి మందే అనేవాడు గనక టైలరు ఆయనకి చిక్కనాయన అని పేరు పెట్టాడు. పేరు నిలిచిపోయింది. నిజం చెప్పాలంటే ఆయన పట్టుదలలో కొంత న్యాయం ఉంది. స్టూడియో దీపాల కింద వెలుగు సమంగా పడుతుంది, అక్కడ చిక్కటి మందుతో బొమ్మ కొట్టొచ్చినట్టు వస్తుంది. వచ్చేవాళ్ళకి కూడా నలుపు నల్లగా, మొహం తెల్లగా ఉంటే చాలు. "మా నాన్న నీళ్ళు పోసి పోసి ఫోటోల్నే నీళ్ళు చేశాడు" అని ఆయన నవ్వేవాడు. వదిన అడిగేది, ఆయన చెప్పేవాడు, తిరిగి అనేది, పోసేది. ఆ చీకట్లో భుజానికి భుజం తగులుతూ నిలబడ్డ కాలం వాళ్ళ కాపరంలో మంచికాలం. పైన మూడుగదుల్లో మాటకి మాట పెరిగేది, కింద ఆ ఇరుకులో మాత్రం ఇద్దరూ ఒకే మాట అనేవాళ్ళు.

దాన్ని చెడగొట్టింది ఒక ఫ్యాక్టరీ ఫోటో. చెడగొట్టింది వదినే అనాలి. ఆవిడ కూడా కాదనదు.

నదవతల బట్టలమిల్లులో పనివాళ్ళందరినీ కలిపి ఫోటో తియ్యాలన్నారు. మిట్టమధ్యాహ్నం, కొత్తగా సున్నం కొట్టిన గోడ, దాని ముందు టోపీలు పెట్టుకుని వరసలుగా నిలబడ్డ మనుషులు. చిక్కనాయన రెండు రీళ్ళు తీశాడు. మొదటిది తనే తన మందులో కడిగాడు. గోడ మంటలా మండిపోయింది, టోపీల కింద మొహాలు బొగ్గుముక్కల్లా ఉన్నాయి. కొన్నిచోట్ల పళ్ళు మాత్రం కనిపించాయి. ఆయన ఆ నెగెటివుని దీపానికి పెట్టి చూసి, కిందపెట్టి, రెండో రీలు వదినకి ఇచ్చాడు.

"చిక్కనా? పలచనా?" అని అడిగింది వదిన. జవాబు ఏం రావాలో ఇద్దరికీ తెలుసు.

ఆయన కారే కుళాయిని ఇంకాస్త బిగించాడు. తర్వాత "చిక్కన" అన్నాడు. తండ్రిదే సరైన దారని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు, అంతే.

"చిక్కన" అని తిరిగి అంది వదిన. అని, చేతికి తెలిసిన చోటునించి ఇంకో కొలపాత్ర అందుకుని, మూడింతలు నీళ్ళు పోసిన మందు పోసింది.

రీలు బ్రహ్మాండంగా వచ్చింది. గోడకి గోడ ఉంది, ఇటుకల గీతలతో సహా. టోపీల కింద ప్రతి మొహం ఉంది. చిక్కనాయన దాన్ని చూశాడు, భార్యని చూశాడు, కాపీ వేసి మిల్లుకి పంపాడు. అక్కడితో ఆగిపోయేదే. కానీ మిల్లు మేస్త్రీ ఫోటో చూసి ఉబ్బితబ్బిబ్బై స్టూడియోకి వచ్చాడు. ముందుగది నిండా జనం. నోట్లో నువ్వుగింజ నానని మరిది "ఆ రీలు మా వదిన కడిగిందండీ, పలచటి మందులో!" అనేశాడు. మేస్త్రీ పకపకా నవ్వి "అయితే అసలు ఫోటోగ్రాఫరు ఆవిడేనన్నమాట! మరి ఈయనేం చేస్తాడు, బటన్ నొక్కుతాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. మనసులో ఏమీ పెట్టుకోని నవ్వే. చిక్కనాయనకి మాత్రం అది గుండెల్లో దిగింది.

ఆ సాయంత్రం పైన వంటగది గుమ్మంలో నిలబడి అడిగాడు. ఎప్పుడూ అరిచే మనిషి ఆరోజు అరవలేదు.

"చీకట్లో ఒక మాట చెప్పి ఇంకో పని చేశావు."

"ఫోటో బాగానే వచ్చింది కదండీ."

"ఫోటో సంగతి కాదు నేననేది. నలుగురిలో నన్ను పలచన చేశావు."

ఆ తర్వాత ఆయన రీళ్ళు ఆయనే కడుక్కున్నాడు. బయటివాళ్ళవి వదిన కడిగేది. ఆవిడ లోపలుంటే ఆయన బయట ఆగేవాడు, ఆయన లోపలుంటే ఆవిడ. పలచన అనే మాట ఆ ఇంట్లో నిషిద్ధమైపోయింది. నీ మందు, నా మందు అనుకునేవాళ్ళు. ఆయనకి కోపం వచ్చి ఎప్పుడైనా ఆ మాట నోట వచ్చిందంటే అది మందు గురించి కాదు, ఆ రోజు గురించే. వదిన ఎన్నిసార్లు తప్పైందని చెప్పబోయిందో లెక్కలేదు. పనికొచ్చిన పనిని తప్పనడమెలా అని ఒక పక్క, అబద్ధమాడాను కదా అని ఇంకో పక్క. ఎటూ తేలక నోటిదాకా వచ్చిన మాట మింగేసేది.

ఇవన్నీ తప్పిస్తే చెడ్డ కాపరమేమీ కాదు. జ్వరాలొస్తే ఒకరికొకరు తడిగుడ్డలు వేసుకున్నారు, కప్పు కారితే ఇద్దరూ కలిసి పళ్ళేలు పెట్టారు. రంగుల ఫోటోలొచ్చాయి, తర్వాత ఫోన్లొచ్చాయి. స్టూడియోకి జనం తగ్గారు. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన మరిది కౌంటరు దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. పాత ఫోటోలకి నకళ్ళు వెయ్యమని అడిగేవాళ్ళు మాత్రం వస్తుండేవాళ్ళు. వదిన మధ్యాహ్నాలు పైగదిలో కూర్చుని, సన్నటి కుంచెతో ఆ కాపీల మీది దుమ్ముమచ్చలు దిద్దేది. వెలుగు పని మీద పడాలి గనక కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. కిటికీ నిండా ఎండ, ఆవిడ మొహం మీద నీడ.

ఆ ఏడాది చలికాలంలో చిక్కనాయన మధ్యాహ్నాలు పైకి రావడం మొదలుపెట్టాడు. చిన్న కెమెరా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా మంచం మీద కూర్చునేవాడు. అప్పుడప్పుడు కంటికి ఆనించి నొక్కేవాడు.

"ఏంటండీ అది?"

"షట్టరు బిగుసుకుంటోంది. నొక్కుతూ ఉండాలి."

"ఖాళీ కెమెరాని నొక్కి నొక్కి అరగదీయకండి."

ఆయన ఊ కొట్టి, లీవరు తిప్పి, ఇంకోసారి నొక్కాడు. వదినకి ఒళ్ళుమండి ఏదో అంది. ఏమందో ఆవిడకే గుర్తులేదు.

కొన్నాళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆసుపత్రిలో పొడుగాటి వార్డు, వరసగా మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య ఒక తెర. ఒక ఉదయం మరిది ఆయన్ని లేపి పట్టుకుంటే నర్సు ఒళ్ళు తుడిచి బట్టలు మార్చింది. తెర సరిగ్గా పడలేదు. పక్కమంచం వాళ్ళు చూస్తున్నారు. వదిన సిగ్గుతో చితికిపోయి తెర లాగుతుంటే ఆయన ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"ప... పలచన" అన్నాడు.

వదిన రెండో చేత్తో తెర పూర్తిగా లాగేసింది. "ఎవరి ముందూ పలచన కాలేదండీ మీరు. ఎవరు చూశారని? ఊరుకోండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పలచన."

"ఆ మాట ఇంక తీయకండి. మీకు దణ్ణం పెడతా."

"పలచన" అన్నాడు మూడోసారి. అని ఆవిడ నోటివైపు చూస్తూ ఉండిపోయాడు. వదిన ఆయన పెదవి చివర తుడిచింది, దుప్పటి సర్దింది. ఆయన మణికట్టు వదిలి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అంత జబ్బులోనూ ఆ పాత కోపమే ఆయన్ని తినేస్తోందని, క్షమించకుండానే పోతాడని వదిన వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఆయన ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఇంకేమీ మాట్లాడలేదు కూడా.

అంతా అయిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక, మరిది అన్న వాడిన వస్తువులు తుడిచి అద్దాల బీరువాలో పెడుతున్నాడు. చిన్న కెమెరా చేతికొచ్చింది. అలవాటుకొద్దీ రీలు వెనక్కి చుట్టే పిడి తిప్పి చూశాడు. గట్టిగా ఉంది.

"వదినా, ఇందులో ఫిల్ముంది."

వదిన వచ్చి తనూ తిప్పి చూసింది. పిడి వేలికి ఎదురు తిరిగింది. ఖాళీ కెమెరా అలా ఉండదు.

"ఎక్కడ తీశాడో ఏమో" అన్నాడు మరిది. "పొద్దున్నే నదిగట్టుకి వెళ్ళేవాడు కదా. మంచు ఉండేది."

మంచులో తీసి ఉంటే చిక్కన పొయ్యాలి. పలచన పోస్తే బూడిదే. ఎండలో తీసి ఉంటే పలచన. చిక్కన పోస్తే సగం బొమ్మ ఉండదు. తీసినవాడికే తెలుసు. తీసినవాడు లేడు. ఆయన కళ్ళు ఆఖరుగా దేనిమీద ఆగాయో ఆ చిన్న డబ్బాలో ఉంది. దాన్ని ఒక్కసారే అడగొచ్చు. వదిన రెండు మూడు రోజులు ఆ రీలుని బల్లసొరుగులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"అన్నయ్య మందులోనే కడుగు వదినా" అన్నాడు మరిది చివరికి. "జీవితమంతా అదే వాడాడు. దానికి తగ్గట్టే తీసుంటాడు. ఈ ఒక్కసారైనా ఆయన మాట..." అని ఆగిపోయి, అన్నందుకు నాలిక్కరుచుకున్నాడు.

"నిజమేలే" అంది వదిన. ఆవిడకి కోపం రాలేదు. ఆయన కోరినట్టు చేస్తే ఆ పాత బాకీ కొంతైనా తీరుతుందేమో అనుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక డార్క్‌రూమ్‌లోకి వెళ్ళింది. ఆయన వాడే పొడులు ఆయన వాడే పాళ్ళలో కలిపింది. చిక్కగా, నీళ్ళ జోలికి పోకుండా. సీసా పట్టుకుంటే చలికి వేళ్ళు జివ్వుమన్నాయి. వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచింది. దీపం తీసేసి, చేతులతోనే డబ్బా విప్పి, ఫిల్ముని చక్రానికి ఎక్కించింది. ఈ పని ఆవిడకి కొట్టినపిండి. అయినా ఆరోజు ఫిల్ము రెండుసార్లు తప్పుకుంది. చక్రాన్ని ట్యాంకులో పెట్టి మూత బిగించింది. పాత తొట్టి రోజుల్లోలా కాదు, ఈ ట్యాంకుకి మూత పడ్డాక దీపం వేసుకోవచ్చు. వేసుకోలేదు. ఈసారి పద్ధతిగా చెయ్యాలనుకుంది. ఒకసారి చీకట్లో అబద్ధమాడింది గనక ఈసారి చీకట్లోనే, నిజంగా, అడిగి, చెప్పుకుని, తిరిగి అని, ఆ మాట ప్రకారమే పొయ్యాలనుకుంది. "చిక్కన" అనే జవాబు కూడా ఆయన తరపున తనే చెప్పుకుందామని సిద్ధం చేసుకుంది.

"చిక్కనా? పలచనా?" అంది పైకి.

ఏళ్ళ తర్వాత ఆ ప్రశ్న ఆ గదిలో వినిపించింది. ఆవిడ గొంతు ఆవిడకే ముసలిదిగా తోచింది. సిద్ధం చేసుకున్న జవాబు నోట్లోంచి రాలేదు. ఇంకో జవాబు వచ్చింది. ముద్దగా, తడబడుతూ, మణికట్టు మీద ఎడమచేతి పట్టుతో సహా.

పలచన.

వదిన తొట్టి అంచు పట్టుకుంది. తడిమి తడిమి స్టూలు దొరికించుకుని కూర్చుంది.

ముందు తనని తాను నమ్మలేదు. నీకు కావలసిందే నీకు వినిపిస్తోందే ముసలిదానా, అనుకుంది. ఒకసారి ఆయన మాటని నీకిష్టమొచ్చినట్టు మార్చావు, పోయాక కూడా మారుస్తావా? ఆయన అన్నది పరువు గురించి. ఒళ్ళు తుడుస్తుంటే నలుగురూ చూస్తున్నారని.

కానీ మూడుసార్లన్నాడు. ఊరుకోమన్నా ఊరుకోలేదు. తల అడ్డంగా ఊపి మళ్ళీ అన్నాడు. అవమానమని చెప్పుకునే మనిషి చెప్పి మొహం దాచుకుంటాడుగానీ, ఎదుటిమనిషి నోటివైపు చూస్తూ ఎదురుచూడడు. ఆయన ఎదురుచూశాడు. దేనికోసం? తిరిగి అంటుందని. తిరిగి అనేదాకా చెబుతూనే ఉండాలి, అది ఆ గదిలో పద్ధతి. ఆయన తన వంతు చేశాడు. ఇన్నేళ్ళూ మూసుకున్న నోటితో, సగం చచ్చిన నాలుకతో, ఆవిడ అడగని ప్రశ్నకి జవాబు చెప్పి, ఆ ఒక్కమాట కోసం ఆగాడు. ఆవిడేమో మూతి తుడిచి దుప్పటి సర్దింది.

వదిన ఆ చీకట్లో చాలాసేపు ఏడ్చింది. బయట మరిది తలుపు తట్టి "వదినా, బాగానే ఉన్నావా?" అన్నాడు. "ఉన్నా" అంది. ముక్కు తుడుచుకుని, లేచి నిలబడి, స్పష్టంగా "పలచన" అంది.

అన్నాక దీపం వేసింది. కష్టపడి కలిపిన చిక్కటి మందులో కొంచెం కొలిచి తీసుకుని, మిగతాదంతా తొట్టిలో పారబోసింది. తీసుకున్నదానికి మూడింతలు నీళ్ళు పోసింది. ట్యాంకులో పోసి, బుడగలు పోవడానికి ఒకసారి తట్టి, వదిలేసింది. మామగారు చెప్పినట్టు ఎప్పుడో ఒకసారి మాత్రం మెల్లగా తిప్పింది. పలచటి మందుతో వచ్చిన కష్టం అదే, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో ఆవిడకి మళ్ళీ భయం వేసింది. నదిమీది మంచు అయితే? బూడిద చేసి పెట్టానా? ఇంక చెయ్యగలిగిందేమీ లేదు.

హైపో అయి, నీళ్ళు మారి, ఫిల్ము బయటికి తీసి దీపానికి ఎత్తి పట్టుకుంది.

నది లేదు. మంచు లేదు. ప్రతి ముక్కలోనూ ఒక కిటికీ ఉంది. నల్లగానే ఉందిగానీ గడ్డకట్టలేదు, అద్దాల చట్రం గీతలు తెలుస్తున్నాయి. కిటికీ ముందు ఒక మనిషి. వంచిన తల, చేతిలో కుంచె. వదిన తడి ఫిల్ముని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది. అద్దంలో తప్ప తన మొహం తనెప్పుడూ సరిగ్గా చూసుకున్నది కాదు. ఫోటోలవాళ్ళింట్లో ఫోటోలు ఎవరు తీయించుకుంటారు? ఆ ఇంట్లో ఆవిడది పెళ్ళినాటి గుంపు ఫోటో ఒక్కటే ఉంది, అందులోనూ ఎవరిదో భుజం అడ్డం.

కొన్ని అదిరిపోయాయి. ఆయన చెయ్యి అప్పటికే వణుకుతూ ఉండాలి, ఇద్దరూ గమనించుకోలేదు. ఒకటి పూర్తిగా పాడైంది. మిగిలినవాటిల్లో వదిన కన్ను ఆగింది వెలుగు లెక్క మీద. ఎండ నిండిన కిటికీని వదిలేసి, నీడలో ఉన్న ఆవిడ మొహానికి లెక్క కట్టి తీశాడు ప్రతిదీ. అలా తీసినదాన్ని ఆయన మందులో కడిగితే కిటికీ మొత్తం పొంగి మనిషిని మింగేస్తుంది. అది ఆయనకి తెలీక కాదు. బతుకంతా నవ్విన మందుకోసమే తీశాడు. ఆవిడ చేత్తో కడగడానికే తీశాడు. తీసి, చెప్పడానికి మొహం చెల్లక, నొక్కుతూ ఉండాలి బిగుసుకుంటోందని సాకులు చెప్పాడు.

"చెప్పొచ్చుగా" అంది వదిన పైకి. "చెబితే నేనేమైనా కొరికేదాన్నా?" అని కాసేపు తిట్టింది. తిడుతుంటే మళ్ళీ కళ్ళు నిండాయి.

మర్నాడు కాపీలు వేసింది. చివరి ముక్క పెద్దదిగా వేసింది. ఎర్రదీపం కింద, తొట్టిలో ఊగుతున్న కాగితం మీద ముందు కిటికీ చట్రం వచ్చింది, తర్వాత భుజాలు, చాలాసేపటికి మొహం. తలెత్తి సూటిగా చూస్తోంది. కనుబొమలు ముడిపడి, నోరు సగం తెరుచుకుని ఉంది. అరగదీయకండి అన్నా ఆయన ఇంకోసారి నొక్కిన క్షణం. కళ్ళకింద ముడతలు, చెంపమీద సిరామరక, ముక్కుమీద జారిన కళ్ళద్దాలు, అన్నీ ఉన్నాయి. చూసిన మనిషి దేన్నీ వదల్లేదు.

మరిది తలుపు సందులోంచి తొంగిచూసి లోపలికి వచ్చాడు. ఎంతైనా ఆ ఇంట్లో పుట్టినవాడు, కిటికీ చూడగానే తెలిసిపోయింది.

"వదినా, ఇది అన్నయ్య మందు కాదు."

"కాదు."

"ఆయన మందులోనే కడుగుతానన్నావు కదా. మళ్ళీ నీ ఇష్టమేనా?"

"మీ అన్నయ్యే చెప్పారయ్యా. ఆసుపత్రిలో, నువ్వూ ఉన్నావు. మూడుసార్లు చెప్పారు." వదిన కాగితాన్ని నీళ్ళలోంచి అంచు పట్టుకుని ఎత్తింది. "నేనే, తిరిగి అనలేదు."

కాగితం చివరనించి నీళ్ళు కారుతుంటే మరిది దాని కింద పళ్ళెం పెట్టాడు.